స్కానర్ కొనేముందు: పికప్, ట్రాక్టర్, కోత మిషన్‌కి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

పోయిన వీడియోలో పికప్ డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ ఎలా చదవాలో చూపించాను. ఆ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, ఏ స్కానర్ కొనమంటారు?" ఒక పేరు చెప్పేస్తే తీరిపోయే ప్రశ్న కాదిది. మీ దగ్గరున్న బండి ఏది, స్కానర్‌తో మీరు చేయదల్చుకున్న పని ఏది, ఈ రెండూ తెలిస్తేగానీ జవాబు దొరకదు. వీడియోలో పట్టని ఆ వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ప్రకృతి వ్యవసాయంలో ఈ డీజిల్ గోల ఏంటి అనుకునేవాళ్లకి ఒక మాట. మనం మందుల ఖర్చు, ఎరువుల ఖర్చు తగ్గించుకున్నాం. కానీ పంటని మనమే అమ్ముకుంటున్నాం కాబట్టి బండి మీద ఆధారపడటం పెరిగింది. శనివారం రాత్రి ఆకుకూరలు, టమాటా ఎక్కించుకున్న పికప్ దారిలో స్పీడు అందుకోకుండా మొరాయిస్తే ఆదివారం అమ్మకం పోయినట్టే. తెల్లారేసరికి తోటకూర వాడిపోద్ది. ఆ టైంలో మనకి కావాల్సింది ఒకే సమాధానం: బండిని మెల్లగా నడుపుకుంటూ పోవచ్చా, ఇక్కడే ఆపేయాలా? రైతుకి స్కానర్ మొదటి ఉపయోగం ఇదే. రిపేరు తర్వాతి సంగతి.

ముందు, స్కానర్ అక్కర్లేని బండ్ల గురించి. మన ఊళ్లలో ఎక్కువగా ఉండేవి 50 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లు. వాటిలో చాలావరకు పాత పద్ధతి మెకానికల్ డీజిల్ పంపే ఉంటుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఉండదు. కంప్యూటర్ లేనిచోట స్కానర్ చదివేది ఏమీ లేదు. అలాంటి ట్రాక్టర్‌కి స్కానర్ కొనమని ఎవరైనా చెబితే ఆ డబ్బుతో రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక మంచి మల్టీమీటర్ కొనుక్కోండి. 50 హార్స్‌పవర్ పైన ఉన్నవాటికి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 నిబంధన వచ్చింది. దానికోసం చాలా మోడళ్లు కామన్ రైల్ ఇంజిన్‌కి మారాయి, కంప్యూటర్ కూడా దాంతోపాటే వచ్చింది. పికప్‌లు, లారీలకి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. కొత్త కోత మిషన్లు, జేసీబీలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. కాబట్టి మొదట మీ బండి ఆర్సీ చూడండి, తయారైన సంవత్సరం చూడండి, ఇంజిన్ మీద కామన్ రైల్ ఉందా లేదా డీలర్‌ని అడగండి.

ఇప్పుడు ప్లగ్గు సంగతి. పికప్‌లు, చిన్న కమర్షియల్ బండ్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. కార్లలో ఉండేదే ఇది. పెద్ద లారీల్లో కూడా అదే ఆకారం సాకెట్ కనపడొచ్చు. అక్కడే ప్రమాదం ఉంది. పికప్ 12 వోల్టులు, పెద్ద లారీ 24 వోల్టులు. కారు కోసం చేసిన చౌక అడాప్టర్‌ని 24 వోల్టుల బండికి గుచ్చితే అది కాలిపోవచ్చు. ప్లగ్గు సరిపోయింది కదా అని పెట్టేయొద్దు, అడాప్టర్ మీద ఎన్ని వోల్టులకు పనికొస్తుందో రాసి ఉంటుంది, చదవండి. పెద్ద ట్రాక్టర్లు, కోత మిషన్లలో చాలాచోట్ల గుండ్రటి 9 పిన్నుల సాకెట్ ఉంటుంది. వాటి భాష కూడా వేరు. ఆ భాష పేరు జే 1939. కారు యాప్‌లో కోడ్ "పీ 0087" లాగా వస్తే, ఈ మిషన్లలో రెండు నంబర్లుగా వస్తుంది. ఎస్‌పీఎన్ అనేది ఏ భాగం అని చెబుతుంది, ఎఫ్‌ఎంఐ అనేది దానికేమైంది అని చెబుతుంది. ఉదాహరణకి ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 1 వస్తే ప్రెషర్ ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం, ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి. అదే ఎస్‌పీఎన్ 100 పక్కన ఎఫ్‌ఎంఐ 4 వస్తే సెన్సార్ సిగ్నల్ వోల్టేజి ఉండాల్సినదానికంటే తక్కువుంది అని. అంటే ముందు వైరు, సెన్సార్ చూడాలి. అయినా ఆయిల్ డిప్‌స్టిక్ చూడకుండా మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి. భాగం ఒకటే, రెండో నంబర్ మారితే చేయాల్సిన పని మారిపోతుంది. ఈ రెండో నంబర్ చూపించని స్కానర్ కోత మిషన్‌కి దండగ.

మార్కెట్‌లో దొరికేవి మూడు రకాలు. మొదటిది వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్. వీటి మీద ఈఎల్ఎం 327 అని రాసి ఉంటుంది, చౌకగా దొరికేవి దాదాపు అన్నీ నకలు చిప్పులే. అయినా ఒక పికప్ ఉన్న రైతుకి ముప్పావు వంతు అవసరం ఇక్కడే తీరిపోద్ది. కోడ్ చదువుతుంది, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజి, చాలా బండ్లలో రైల్ ప్రెషర్ కూడా చూపిస్తుంది. రెండోది అన్ని కంపెనీల బండ్లకీ పనిచేసే టూల్స్: ఆటెల్, లాంచ్ లాంటివి, భారీ వాహనాలకి జాల్‌టెస్ట్, టెక్సా లాంటివి. వేలల్లో మొదలై లక్షల్లోకి పోతాయి. మూడోది కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్. కమిన్స్ ఇంజిన్‌కి ఇన్‌సైట్, జాన్ డీర్‌కి సర్వీస్ అడ్వైజర్ అలాంటివే. వీటితో ఇంజెక్టర్ మార్చాక దాని నంబర్ కంప్యూటర్‌లో ఎక్కించడం, ప్రోగ్రామ్ మార్చడం లాంటి లోపలి పనులు చేస్తారు. ఆ పనులు రైతు చేయాల్సినవి కావు అని నా అభిప్రాయం. ఇంజెక్టర్ కోడింగ్ నేర్చుకునే టైంలో మనం ఇంకో రెండు మళ్లకి జీవామృతం పారించుకోవచ్చు.

కోడ్ చదవడం తేలికే. దాన్ని నమ్మడంలోనే జాగ్రత్త కావాలి. కోడ్ అనేది కంప్యూటర్‌కి కనపడిన లక్షణం. జబ్బు పేరు కాదు. ఆకు పసుపు రంగుకి తిరిగితే అది నత్రజని లోపమో, వేరుకుళ్లో, నీళ్లు నిలవడమో మనం తవ్వి చూస్తాం కదా, ఇక్కడా అంతే. పీ 0087 అంటే రైల్‌లో డీజిల్ ప్రెషర్ తక్కువగా ఉంది అని. అంతవరకే అది చెప్పగలదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా ఆ కోడ్ వస్తుంది. క్యాన్‌లో తెచ్చి పోసిన డీజిల్‌లో నీళ్లు కలిసినా, ట్యాంక్ నుంచి వచ్చే పైపు గాలి పీల్చినా వస్తుంది. హై ప్రెషర్ పంపు అరిగినా, ఇంజెక్టర్లు లీకైనా అదే. సెన్సార్ చెడినా అదే. మా గ్రూపులో ఒకతని పికప్‌కి ఈ కోడ్ వస్తే మెకానిక్ నేరుగా పంపు మార్చాలన్నాడు. ఫిల్టర్ గిన్నె విప్పి చూస్తే అడుగున నీళ్లు. నీళ్లు తీసి, ఫిల్టర్ మార్చి, ట్యాంక్ కడిగితే బండి మామూలైంది. మెకానిక్‌ది మోసం అని నేననను. అతను కోడ్‌ని జబ్బు పేరుగా చదివాడు, అంతే. తక్కువ ఖర్చుతో తేలే కారణం నుంచి ఎక్కువ ఖర్చుకి వెళ్లడం మన పద్ధతిగా పెట్టుకోవాలి.

అందుకే స్కానర్‌లో లైవ్ డేటా తప్పకుండా ఉండాలంటాను. కంప్యూటర్ అడిగిన రైల్ ప్రెషర్ ఎంత, నిజంగా వస్తున్నది ఎంత, ఈ రెండూ పక్కపక్కన కనపడాలి. చాలా కామన్ రైల్ ఇంజిన్లు ఐడిల్‌లో సుమారు 250 నుంచి 400 బార్ మధ్య ఉంటాయి. ఐడిల్‌లో రెండూ కలిసే ఉండి, లోడ్‌తో గట్టు ఎక్కేటప్పుడు అసలుది కిందకి జారిపోతుంటే ముందు ఫిల్టర్‌ని అనుమానించండి. బండి బాగున్న రోజు ఈ అంకెలు ఒకసారి ఫోటో తీసి పెట్టుకుంటే, చెడిన రోజు పోల్చుకోవచ్చు. ఇంకోటి, కోడ్ కనపడగానే చెరిపేయకండి. సమస్య వచ్చిన క్షణంలో స్పీడు ఎంత, వేడి ఎంత అని కంప్యూటర్ దాచుకున్న లెక్క కూడా దాంతో పోద్ది. ఫోటో తీశాకే చెరపాలి.

మన బండ్లకి ఎక్కువగా వచ్చే ఇబ్బంది డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ అది. నిండినప్పుడు ఇంజిన్ తనంతట తాను ఆ మసిని సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి ఆపకుండా కాసేపు మంచి స్పీడులో నడవాలి. మనమేమో పొలం నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి ఇంటింటికీ, ఐదు కిలోమీటర్లకోసారి ఆపుతూ తిరుగుతాం. కాల్చడం మొదలవుతుంది, మనం ఇంజిన్ ఆపేస్తాం. ఇలా పదేపదే జరిగితే మసి పేరుకుపోయి పీ 2463 లాంటి కోడ్ వచ్చి బండి బలం తగ్గిపోతుంది. కొన్ని ఇంజిన్లలో కాల్చడానికి వాడిన డీజిల్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతుంటే సంతోషపడకండి, అది డీజిల్. మసి ఎంత నిండిందో చూపించే స్కానర్ ఉంటే ఎనభై దాకా వచ్చేలోపే హైవే మీద అరగంట తిప్పుకొస్తే తీరిపోయే పని ఇది.

అలా తీరనప్పుడు స్కానర్‌తో బలవంతంగా కాల్పిస్తారు. దీన్ని ఫోర్స్డ్ రీజనరేషన్ అంటారు. చౌక అడాప్టర్‌తో మామూలుగా ఇది జరగదు, రెండో రకం టూల్ కావాలి. నిలబెట్టిన బండిలో ఇది జరుగుతుంది కాబట్టి సైలెన్సర్ నుంచి విపరీతమైన వేడి వస్తుంది. గడ్డివాము పక్కన, ఎండుటాకుల ఆచ్ఛాదన వేసిన తోటలో, వరికొయ్యల మీద ఎట్టి పరిస్థితుల్లో చేయించకండి. సిమెంటు నేల మీద, పక్కన నీళ్లు పెట్టుకుని చేయించండి. "డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్‌లో ఆపేస్తా" అనే మెకానిక్‌లు కూడా తగులుతారు. అది నిబంధనలకు విరుద్ధం, వారంటీ కూడా పోద్ది.

నీలం మూత ట్యాంక్ ఉన్న బండ్లలో డెఫ్ పోయాలి. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొలంలో యూరియా మానేసి బండిలో పోస్తున్నాం, ఏం చేస్తాం! కానీ బస్తా యూరియాని నీళ్లలో కలిపి పోసే ప్రయోగం మాత్రం చేయకండి. మన దగ్గర వ్యవసాయ యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, మలినాలూ ఉంటాయి. అవి లోపలి పంపునీ, క్యాటలిస్ట్‌నీ పాడుచేస్తాయి. పీ 20ఈఈ కోడ్ వచ్చినప్పుడు పార్టు మార్చేముందు డెఫ్ ఎక్కడ కొన్నారో, ఎన్నాళ్లు ఎండలో ఉందో గుర్తుచేసుకోండి.

రెండో రకం టూల్ కొనాలనుకుంటే దుకాణదారుడిని బ్రోచర్ చూపించమనకండి. మీ బండినే తీసుకెళ్లి అక్కడే గుచ్చి చూపించమనండి. చాలా టూల్స్ జాబితాలో మన కంపెనీ పేరు ఉంటుంది, లోపలికి వెళితే మన మోడల్, మన సంవత్సరం ఉండవు. ఏడాది తర్వాత అప్‌డేట్‌కి ఎంత కట్టాలో, కట్టకపోతే టూల్ పాత సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తూనే ఉంటుందా, మొత్తం ఆగిపోతుందా అన్నది బిల్లు మీద రాయించుకోండి. నెట్‌లో దొరికే క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు. చదవడం వరకు బాగానే ఉన్నా, కంప్యూటర్‌లోకి రాసేటప్పుడు మధ్యలో ఆగితే ఈసీఎం పనికిరాకుండా పోవచ్చు.

ఒక్క బండి కోసం అంత పెట్టడం నాకు గిట్టుబాటుగా కనపడదు. ఎఫ్‌పీఓ కింద అద్దె యంత్రాల కేంద్రం నడుపుతూ రెండు కోత మిషన్లు, నాలుగు పెద్ద ట్రాక్టర్లు ఉంటే మాత్రం లెక్క వేరు. కోతల సీజన్‌లో మిషన్ రెండు రోజులు ఆగితే పోయే బాడుగ ఎంతో మీకే తెలుసు. అలాంటప్పుడు ఊరి మెకానిక్‌నీ కలుపుకోండి. టూల్ గ్రూపుది, చేయి అతనిది, చెక్ చేసినందుకు ఇంతని ముందే మాట్లాడుకోవాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలు కూడా ఒక విభాగం. టూల్ కొనేముందు మీ కంపెనీ అందులో ఏం పెట్టిందో ఒకసారి చూడండి.

వచ్చే వీడియోలో ఒక కోత మిషన్‌కి 9 పిన్నుల కేబుల్ పెట్టి ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ నంబర్లు చదివి చూపిస్తాను. దానికి ముందు మీ బండి సాకెట్ ఎక్కడుందో, ఎన్ని పిన్నులో, బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి.