ముగ్గుపిండి మాటున
'కోలమావు కోకిల' చిత్రం, బలవంతం అన్న మాట

చెన్నైలో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇంట్లో ముగ్గు, వీధిలో కోలం. ఇంట్లో అమ్మ 'ముగ్గుపిండి అయిపోయింది' అంటుంది; అంగడికి వెళ్ళి 'కోలమావు' అని అడుగుతాం. కోలం అంటే ముగ్గు, మావు అంటే పిండి. ఇంత మామూలు మాటను పేరులో పెట్టుకొని 2018 ఆగస్టు 17న 'కోలమావు కోకిల' అన్న తమిళ చిత్రం విడుదలైంది. దర్శకుడు నెల్సన్ దిలీప్‌కుమార్‌కు అది మొదటి చిత్రం. లైకా ప్రొడక్షన్స్ నిర్మించింది, అనిరుధ్ సంగీతం సమకూర్చాడు. కోకిలగా నటించినది నయనతార. అదే నెలాఖరులో 'కో కో కోకిల' అన్న పేరుతో ఆ చిత్రం తెలుగులోకి అనువాదమై వచ్చింది.

ఒక నేరచిత్రానికి తెలుగు పీఠం పత్రికలో చోటెందుకని కొందరు అడగవచ్చు. మాకు రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, ఆ పేరును తెలుగు చెయ్యడంలో ఉన్న చిక్కు. రెండవది, ఆ కథకు ఇరుసులాంటి 'బలవంతం' అన్న మాట. 'బలవంతంగా చేయించారు' అని మనం తరచుగా అంటాం. ఎవరు బలవంతపెట్టారు, దేనితో, ఏ క్షణం నుంచి అని అడిగితే మాత్రం వెంటనే జవాబు చెప్పలేం. మాదకద్రవ్యాల కేసులో పట్టుబడిన స్త్రీ విషయంలో ఆ జవాబును బట్టే ఆమె జీవితంలో పదేళ్ళో ఇరవయ్యేళ్ళో నిర్ణయమవుతాయి. కనుక మాట అర్థం తేల్చుకోవడం ఇక్కడ కేవలం నిఘంటువు పని కాదు.

ముందు కథ చూద్దాం. కోకిలది దిగువ మధ్యతరగతి కుటుంబం. తల్లి (శరణ్య పొన్‌వణ్ణన్), తండ్రి (ఆర్.ఎస్. శివాజీ), ఒక చెల్లెలు (జాక్వెలిన్). తల్లికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలుతుంది. వైద్యానికి లక్షలు కావాలి. కోకిల జీతం ఇంటి ఖర్చులకే చాలదు. ఆ సమయంలో కొకెయిన్ రవాణా చేసే ఒక ముఠాతో ఆమెకు ముడిపడుతుంది. మొదట్లో ఆ పని డబ్బు వచ్చే దారి. ఆ తరువాత మానుకుందామంటే ముఠా మాననివ్వదు. చివరికి ఇంటిల్లిపాదీ ఆ సరుకు వెంట కదలవలసి వస్తుంది. ఆమెను ప్రేమించే దుకాణదారు శేఖర్ (యోగిబాబు) వల్ల కథలో నవ్వుకు లోటుండదు. అయితే ఆ నవ్వు కిందనే భయం ఉంటుంది. చూడనివారి కోసం ముగింపు ఇక్కడ చెప్పడం లేదు.

ఇప్పుడు పేరు సంగతి. చూపులకు కొకెయిన్ ముగ్గుపిండి లాగే తెల్లని పొడి. ఈ పోలికే చిత్రానికి ప్రాణం. ముగ్గు ఇంటి ముందు ఉంటుంది. ఈ ఇంట్లో మనుషులున్నారు, పొద్దున్నే లేచారు, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లారు అని చెబుతుంది. ముగ్గు లేని వాకిలి కనిపిస్తే ఏమైందోనని పక్కింటివాళ్ళు అడుగుతారు. అంటే ముగ్గు ఒక ఇంటి మర్యాదకు గుర్తు. ముఠాకు కావలసినది సరిగ్గా ఆ మర్యాదే. తల వంచుకొని, గొంతెత్తకుండా మాట్లాడే అమ్మాయిని రోడ్డు మీద ఎవరూ అనుమానించరు. నయనతార నటనలోని విశేషం కూడా ఇదే. కథ ఎంత దూరం పోయినా ఆ ముఖంలో అమాయకత్వం అలాగే ఉంటుంది. అది నిజమా, ముసుగా అని ప్రేక్షకుడు చివరిదాకా తేల్చుకోలేడు.

'కో కో కోకిల' అన్నప్పుడు తమిళ పేరులోని ప్రాస కొంత నిలిచింది. కొకెయిన్ అన్న మాటకు చెవిలో ఒక సూచన కూడా అందింది. పోయినది ముగ్గు. 'ముగ్గుపిండి కోకిల' అంటే అర్థం నిలుస్తుంది కాని 'కో' మీద 'కో' పడే సొగసు పోతుంది. శబ్దం, అర్థం రెంటిలో ఒకటి వదులుకోక తప్పనప్పుడు అనువాదకులు శబ్దం వైపు మొగ్గారు. పోస్టరు మీద పేరుకు అది సహజమే. అయితే తెలుగు ప్రేక్షకుడు హాల్లోకి వెళ్ళేముందే అందవలసిన తాళంచెవి అందలేదు. 2022లో ఈ కథనే సిద్ధార్థ్ సేన్ హిందీలో 'గుడ్ లక్ జెర్రీ' పేరుతో తీశాడు. జాన్వీ కపూర్ నాయిక. కథ పంజాబ్‌కు మారింది, బీహారు నుంచి వలస వచ్చిన కుటుంబమైంది, తల్లి మోమోలు చేసి అమ్ముతుంది. అక్కడా ముగ్గు లేదు. కాని వంటకం పేరుతో మళ్ళీ ఇంటి పనే నేరానికి తెర అయింది. పేరు మారినా కథ ఆ సంబంధాన్ని వదులుకోలేకపోయిందన్నమాట.

ఇక బలవంతం. ఈ విషయంలో మన వ్యాకరణం మంచి సాయం చేస్తుంది. 'చేయు' ధాతువుకు ప్రేరణార్థకం 'చేయించు'. 'కోకిల ఆ పని చేసింది' అంటే కర్త కోకిల. 'కోకిల చేత ఆ పని చేయించారు' అంటే కర్త ముఠా. కోకిల 'చేత' అన్న విభక్తిలోకి తప్పుకుంటుంది. ఈ రెంటికీ నడుమ మన వాడుకలో ఇంకొక వాక్యం ఉంది: 'గతిలేక చేసింది'. ఇందులో కర్త కోకిలే, కాని ఆమె ముందు వేరే దారి లేదు. 'బలవంతం' అన్న మాటలో బలమున్న ఒక మనిషి దాగి ఉంటాడు, వెతికితే దొరుకుతాడు. 'గతిలేక' అన్న మాటలో ఎవరూ ఉండరు. ఆసుపత్రి బిల్లును, చాలని జీతాన్ని బోనెక్కించలేం.

కథ మొదటి భాగం 'గతిలేక చేసింది'. రెండవ భాగం 'చేయించారు'. మూడవ భాగంలో కోకిల తెలివితో ఇతరుల చేత పనులు 'చేయించింది'. ఒకే ధాతువు మూడు రూపాల్లో నడిచిన కథ ఇది. ఈ మూడింటి మధ్య గీత ఎక్కడుందో చిత్రం స్పష్టంగా గీయలేదు. అది లోపమని మేము అనుకోము. జీవితంలో కూడా ఆ గీత దాటిన క్షణం మనిషికి అప్పుడు తెలియదు, తరువాతే తెలుస్తుంది.

ఇతర దేశాల చిత్రాలతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. జాషువా మార్‌స్టన్ తీసిన 'మరియా ఫుల్ ఆఫ్ గ్రేస్' (2004) లో కొలంబియా అమ్మాయి మరియా పూలతోటలో పని మానేసి, మాదకద్రవ్యపు ఉండలు మింగి విమానంలో న్యూయార్క్ వెళుతుంది. ఆమె నెత్తిన మొదట ఎవరూ తుపాకీ పెట్టలేదు. అది ప్రధానంగా 'గతిలేక' కథ. హెరార్డో నరాంహో తీసిన మెక్సికో చిత్రం 'మిస్ బాలా' (2011) లో అందాల పోటీకి వెళ్ళాలనుకున్న లారా కాల్పుల మధ్య చిక్కి ముఠా చేతిలో పడుతుంది. అక్కడినుంచి ఆమె చేత అన్నీ చేయిస్తారు. అది 'బలవంతం' కథ. 'కోలమావు కోకిల' ఈ రెంటికీ మధ్య ఉన్న వంతెన. మరియాగా బయలుదేరిన మనిషి లారాగా ఎలా మారుతుందో చూపడం దీని ప్రత్యేకత.

మరి చట్టం ఏమంటుంది? మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. దాని కింద కొకెయిన్ 100 గ్రాములకు మించితే, గంజాయి 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణం. ఆ పరిమాణానికి శిక్ష పదేళ్ళకు తగ్గని కఠిన కారాగారం, ఇరవయ్యేళ్ళ వరకు ఉండవచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకడం కష్టం. 35వ సెక్షన్ ప్రకారం నిందితురాలికి నేరబుద్ధి ఉన్నదనే కోర్టు ముందుగా భావిస్తుంది. లేదని నిరూపించుకోవలసిన భారం ఆమెదే. సంచి మోసిన మనిషి, సంచి పంపిన మనిషి ఈ లెక్కలో దాదాపు ఒకే వరసలో నిలబడతారు. కాని సంచితో దొరికేది ఎప్పుడూ మోసిన మనిషే.

బెదిరించి చేయించారని చెప్పుకోవడానికి చట్టంలో చోటు లేకపోలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 94వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 32వ సెక్షన్. హత్య, మరణశిక్ష పడదగిన రాజద్రోహ నేరాలు తప్ప మిగిలిన నేరాలలో, 'చెయ్యకపోతే ఇప్పుడే ఇక్కడే నా ప్రాణం పోతుంది' అన్న సహేతుకమైన భయంతో చేసిన పని నేరం కాదు. అయితే తన ఇష్టంతో గాని, ప్రాణభయానికి తక్కువైన భయంతో గాని ఆ పరిస్థితిలోకి వెళ్ళిన మనిషికి ఈ రక్షణ లేదు. సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చదవదగ్గది. బందిపోట్లు ఒక కమ్మరిని పట్టుకొని, చంపుతామని బెదిరించి, పనిముట్లు పట్టించి ఇంటి తలుపు పగలగొట్టించారు. కమ్మరికి రక్షణ ఉంది. దెబ్బలకు భయపడి బందిపోట్లలో చేరినవాడికి లేదు.

ఈ కొలతతో కోకిలను కొలిచి చూడండి. ఆమె మొదట డబ్బు కోసం వెళ్ళింది, కనుక ఆ పరిస్థితిలోకి తానే అడుగు పెట్టింది. తరువాత వచ్చిన బెదిరింపు ఈ క్షణపు చావు కాదు, ఎప్పుడైనా రాగల చావు. ఇంట్లో చెల్లెలికి ప్రమాదమన్న భయం ఆ సెక్షన్ అక్షరాలలో ఇమడదు. అక్కడ చెప్పినది చేసిన మనిషి సొంత ప్రాణం గురించే. చట్టానికి ఒక రాత్రి తలుపు పగలగొట్టిన కమ్మరి తెలుసు. నెలల తరబడి రోజూ ఇంటికి తిరిగివచ్చి, వంట చేసి, మళ్ళీ సరుకు మోయడానికి వెళ్ళే స్త్రీ తెలియదు. బ్రిటన్‌లో 2012 నుంచి అమలైన శిక్షల మార్గదర్శకాలు ఒత్తిడికి, బెదిరింపుకు లోబడి సరుకు మోసినవారిని చిన్న పాత్ర గలవారిగా లెక్కించి శిక్ష తగ్గించడానికి వీలిచ్చాయి. నేరం నేరమే, మోసినవారికీ నడిపినవారికీ మధ్య తేడా మాత్రం అక్కడ గుర్తించారు.

ఇదంతా కొకెయిన్‌కే, తమిళ చిత్రానికే పరిమితం కాదు. తూర్పు కనుమలలో, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పండే గంజాయి దక్షిణాది నగరాలకు చేరుతున్న సంగతి మనకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు పట్టుబడిన రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. 2025 సెప్టెంబరులో క్రిష్ దర్శకత్వంలో అనుష్క నటించిన 'ఘాటి' ఆ కొండలలో మూటలు మోసే జనాన్ని కథావస్తువుగా తీసుకొంది. మోసేవారికి వాడే మాటనే సినిమాకు పేరుగా పెట్టడం గమనించదగ్గది. ఇంగ్లీషులో అలాంటివారిని కంచరగాడిద అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. 'ఘాటి' అన్న మాటలో కనీసం మనిషి నడిచే కొండదారి ఉంది.

విద్యార్థులకు మా సూచన ఒకటే. చిత్రాన్ని వీలైతే తమిళంలోనే చూడండి. మీకు ఆ భాష రావడం ఒక వరం. చూస్తూ, కోకిల చేసే ప్రతి పనికీ పక్కన ఒక క్రియ రాయండి: చేసింది, గతిలేక చేసింది, చేయించారు, చేయించింది. పక్కన కూర్చున్న మిత్రుడు అదే చోట వేరే క్రియ రాస్తే వాదించుకోండి. తరువాత ఎప్పుడైనా పత్రికలో 'గంజాయితో మహిళ అరెస్టు' అన్న రెండు పంక్తుల వార్త కనబడితే, అదే ప్రశ్న అక్కడా వేసుకోండి. ఆ వార్త ఎప్పుడూ 'తరలిస్తున్న' అన్న మాటతో ఆ స్త్రీనే కర్తను చేస్తుంది. తరలింపజేసినవారి పేరు ఆ వాక్యంలో ఉండదు. ఆమె నిర్దోషి అని మనం తీర్పు చెప్పనక్కరలేదు. వాక్యంలో ఒక కర్త తప్పిపోయాడని గుర్తించగలిగితే భాష చదువుకున్నందుకు ఫలం దక్కినట్టే.