ఎనభై అక్షరాల అలోహా

తార్నాకలో మెట్రో దిగి ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడిచే విద్యార్థికి ఇంటితో మాట్లాడటం ఒక పనిగా అనిపించదు. జేబులోంచి ఫోను తీస్తే చాలు. అదే విద్యార్థి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ అయి, సెలవులకు విశాఖ రేవులో అక్కడికి వెళ్లే ఓడ ఎక్కితే సంగతి వేరు. తీరం కనుమరుగైన కాసేపటికే టవర్ల సిగ్నల్ పోతుంది. ఆపైన రెండు రోజులకు పైగా బంగాళాఖాతమే. ఓడలో ఉన్నవాడికి ఇంటి కబురు అందదు, వాడి క్షేమం ఇంటికి తెలియదు.

నీటి మధ్యనున్న మనిషికీ ఒడ్డుకీ మాట కలిపే ప్రయత్నంలో ఒక మేలిమలుపు కూడా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే వచ్చింది.

హవాయి విశ్వవిద్యాలయం శాఖలు పసిఫిక్ దీవుల మీద చెల్లాచెదురుగా ఉండేవి. పెద్ద కంప్యూటరు మాత్రం హోనొలూలూలోని మనోవా క్యాంపస్‌లో ఒక్కటే. అక్కడి టెలిఫోను తీగల ఖర్చూ ఎక్కువే, వాటిని నమ్ముకోవడమూ కష్టమే. ప్రొఫెసర్ నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందం తీగలు వద్దనుకుని రేడియో వైపు తిరిగింది. 1968లో మొదలైన ఆ పని 1971 జూన్‌లో నడక నేర్చింది. దాని పేరు అలోహానెట్. ‘అలోహా’ అంటే ఆ దీవుల్లో పలకరింపు.

వాళ్ల చిక్కు దూరం కాదు, పంపకం. టెర్మినళ్లు చాలా ఉన్నాయి, అవి కేంద్రానికి కబురు పంపే రేడియో దారి ఒక్కటే. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు కబుర్లూ పాడవుతాయి. తలా ఒక వంతు కేటాయిస్తే, చెప్పడానికేమీ లేనివాడి వంతు వృథా.

హాస్టల్ మెస్‌లో తిన్నవాళ్లకు దీనికి మందు తెలుసు. వడ్డించే అన్న ఒక్కడు, ఆకలితో కూర్చున్నవాళ్లు యాభైమంది. “అన్నా, పప్పు!” అని ఒకరు కేకేస్తే “తెస్తున్న తమ్మీ” అంటాడు. ఇద్దరు ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు, జవాబు రాదు. జవాబు రాలేదంటే కేక చేరలేదని అర్థం. కాసేపు ఆగి మళ్లీ పిలుస్తారు. ఒకరు కొంచెం ముందు, ఒకరు కొంచెం వెనక. ఇద్దరూ లెక్కపెట్టినట్టు ఒకే సమయం ఆగితే మళ్లీ ఢీకొంటారు కదా!

అలోహా సూత్రం ఇంతే. చెప్పాలనిపిస్తే చెప్పు. ‘అందింది’ అన్న జవాబు రాకపోతే, లాటరీ తీసినట్టు ఎంతో కొంత ఆగి మళ్లీ చెప్పు. కేంద్రంలో వడ్డించే అన్న పాత్ర ఒక చిన్న కంప్యూటరుది. హవాయి కథల్లోని పొట్టి మనుషుల పేరిట దాన్ని మెనెహూనే అని పిలిచారు. వేగం సెకనుకు 9,600 బిట్లు. ఒక్కో కబురు మూటలో (ప్యాకెట్‌లో) మోసుకెళ్లగలిగింది 80 అక్షరాలు.

రద్దీ పెరిగితే మెస్‌లో కేకలు తప్ప పప్పు రాదు. అలోహాకూ అదే గతి: లెక్క ప్రకారం దారిలో సుమారు 18 శాతానికి మించి సరుకు సాగదు. 1972లో ఇంజనీరు లారీ రాబర్ట్స్ ఒక సవరణ సూచించారు. కాలాన్ని సమాన ముక్కలు చేసి, ముక్క మొదట్లోనే పంపమంటే ఢీకొట్టుకోవడం తగ్గి ఆ హద్దు రెట్టింపవుతుంది. మరుసటి ఏడాది మరో ఇంజనీరు బాబ్ మెట్‌కాఫ్ ‘మాట్లాడే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను’ అన్న నియమం దాకా ఈ ఆలోచనను తీసుకెళ్లి ఈథర్‌నెట్‌కు పునాది వేశారు. మన కాలేజీ ల్యాబుల్లో గోడకు గుచ్చే తీగ ఆ వంశానిదే.

ఇక మన ఓడ సంగతి. దాని మీదికి ఇంటర్నెట్ రావాలంటే సాధారణంగా మాట దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం దాకా వెళ్లి దిగాలి. ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికే అర సెకను. పైగా ఓడ ఊగుతుంది. డెక్ మీద తెల్లని గుమ్మటంలో ఉండే డిష్‌ను, అలలు ఎటు తోసినా ఉపగ్రహం వైపే చూసేలా గైరోస్కోపులు, మోటార్లు క్షణక్షణం తిప్పుతుంటాయి. ఇంత చేసినా ఉపగ్రహ దారిని ఎన్నో ఓడలు పంచుకోవాలి. చాలా వ్యవస్థల్లో ‘నాకు కొంచెం చోటివ్వు’ అని టెర్మినల్ చేసే తొలి విన్నపం ఇప్పటికీ అలోహా పద్ధతిలోనే వెళ్తుంది. మన దేశంలో ఓడల్లో, విమానాల్లో ఇలాంటి సేవలకు 2018 డిసెంబరులో నియమాలు వచ్చాయి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దీవులకు దారి పడింది. దీవులకు వెళ్లే ఓడకు మాత్రం ఆకాశమే దిక్కు.

మన హైదరాబాద్ కూడా ఈ కథలో ఉంది. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు నడిసంద్రంలో ఉన్న జాలర్లకు హెచ్చరిక చేరలేదు. ఆ తర్వాత 2019లో ఇక్కడి సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చొరవతో జెమిని పరికరం వచ్చింది. అది గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వచ్చే తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల వివరాలను అందుకుని జాలరి ఫోనుకు చేరుస్తుంది. గొప్ప మేలే. కానీ అది వినడానికే. ‘ఇంజను ఆగింది, రండి’ అని తిరిగి చెప్పడానికి పనికిరాదు. ఆ కేకను మోయడానికి ఇస్రో చేసిన ఆపద సంకేత పరికరం ఉంది. 2024లో వచ్చిన దాని రెండో తరం, కేక చేరిందన్న జవాబును కూడా పడవకు పంపుతుంది. మునుగుతున్న పడవలో ఆ ఒక్క జవాబుకున్న విలువను ఏ వేగంతోనూ కొలవలేం.

అందుకే ఓడల్లో ఇంటర్నెట్ గురించి ఆలోచించేటప్పుడు వీడియోల వేగం కన్నా ముందు మరొకటి అడగాలి. టికెట్ కొన్న ప్రతి ప్రయాణికుడికీ, డెక్ మీద పడుకునే కూలీకైనా సరే, ఇంటికి ఒక చిన్న సందేశం ఉచితంగా పంపుకునే వీలుండాలి. ఇంటి నుంచి జవాబూ రావాలి. అలాంటి కబురు ఉపగ్రహానికి బరువు కాదు. “అమ్మా, ఓడలో బాగున్నాను, ఎల్లుండి దిగుతాను.” లెక్కపెట్టి చూడండి. 1971 నాటి 80 అక్షరాల్లో ఇది పట్టి, ఇంకా చోటు మిగులుతుంది.