రెండువందల గంటల చదరంగము

చదరంగమాడువారు నలుగురున్న ఊరిలో, ఇరువది యేండ్లుగా ఆడుచు, ఇరువది యేండ్లనాటి ఆటనే నేటికిని ఆడుచున్నవా డొకడైన కనబడును. అతనికి తెలివి తక్కువ కాదు. ఉత్సాహమా, కావలసినదానికన్న ఎక్కువే. ఆడిన ఆటను మరునాడు తలచుకొను అలవాటు మాత్రము లేదు. నేటి విద్యార్థి చేతిఫోనులో ఐదేసి నిమిషముల ఆటలను ఒకదానివెంట నొకటి ముగించి, రాత్రికి దేనిని ఎందుకు ఓడెనో చెప్పలేకున్నాడు. సాధనము మారినది గాని జబ్బు పాతదే.

ఈ జబ్బునకు లెక్కగట్టి మందు చెప్పినవాడు ఎమాన్యుయేల్ లాస్కర్. ఈ జర్మను దేశీయుడు గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన పండితుడు. 1894 మొదలు 1921 వరకు 27 సంవత్సరములు ప్రపంచవిజేతగా నిలిచినవాడు. 1920 దశకమున తాను ప్రకటించిన పాఠ్యగ్రంథము చివర ఆయన యొక ప్రశ్న వేసికొనెను: ఆటయే తెలియని యువకుని, ఎంతటి మేటియైనను ఒక పావును ముందుగా వదలుకొని ఆడినచో ఓడక తప్పనంతటి ఆటగానిగా తీర్చుటకు ఎంత కాలము పట్టును? మంచి గురువున్నచో, విశేషప్రతిభ లేకున్నను, 200 గంటలు చాలునని ఆయన సమాధానము. ఆటనియమములకు 5 గంటలు, అంత్యదశకు 5, ఆరంభపుటెత్తులకు 10, పావులను కలిపి కొట్టు ప్రయోగములకు 20, వ్యూహరచనకు 40. మిగిలిన 120 గంటలును ఆడుటకు, ఆడినదానిని విమర్శించుకొనుటకు.

200 అను సంఖ్యపై నాకు పట్టుదల లేదు. లాస్కరు కొంత ఆశావాది. ఆలోచింపదగినది పాళ్ల సంగతి. ఆరంభపుటెత్తులకు ఆయన కేటాయించినది ఇరువదవ వంతు. మన పిల్లలకు మొదట కొనిపెట్టునవి ఆ పుస్తకములే! పన్నెండెత్తులు వల్లించిన బాలుడు, ఎదుటివాడు పదమూడవ ఎత్తును పుస్తకములో లేనట్లు వేయగానే దిక్కుతోచక కూర్చుండును. పద్యమును చదువక గైడులోని తాత్పర్యమును వల్లించి పరీక్షకు వచ్చు విద్యార్థిని చూచిన ఉపాధ్యాయులకు ఈ దృశ్యము క్రొత్త కాదు.

దినమునకు 40 నిమిషములు, వారమునకు ఆరు దినములు కూర్చున్నచో వారమునకు 4 గంటలు. 50 వారములలో 200 గంటలును పూర్తియగును. రెండు దినములు, ఒక్కొక్కరికి 20 నిమిషముల చొప్పున, దినమున కొక్క ఆట. రెండు దినములు ఆ ఆటల పరిశీలన. తక్కిన రెండు దినములు అభ్యాసములు. లాస్కరు పాళ్లకు ఇది యించుమించుగా సరిపోవును. పరీక్షల నెలలో 40 నిమిషములు పది కావచ్చును, సున్న కారాదు.

అన్నింటిలో కష్టమైనది పరిశీలన. మానవులు ముందుగా మానివేయునదియు నదియే. ఆట జరుగుచుండగనే ఎత్తులన్నియు వ్రాసికొనవలెను. మరునాడు బల్లపై పావులను తిరిగి పేర్చి, ఆట ఎచ్చట తలక్రిందులైనదో వెదకి, ఆ క్షణమున తన మనసులో నున్న ఆలోచనను ఉన్నదున్నట్లు ప్రక్కన వ్రాయవలెను. "23వ ఎత్తు: నేను దాడిని గూర్చియే తలచితిని, అతని గుర్రము ఎచ్చటికి దుముకనున్నదో చూడలేదు" అన్న వాక్యము చాలును. ఇట్టివి పదియాటలకు పోగుపడినచో, ఓటములన్నింటికి మూలము ఒకటి రెండు దురభ్యాసములే యని తెలియును. ఎదుటివాడు ఆ ఎత్తు ఎందుకు వేసెనని అడుగకుండ తన ఎత్తు వేయుటయే వానిలో పెద్దది.

కంప్యూటరును అడిగిన క్షణములో చెప్పును గదా యందురు. నిజమే, 1997లో కాస్పరోవునే ఓడించిన యంత్రజాతి యది. అది తప్పును చూపును గాని, ఆ తప్పు మన బుద్ధిలో ఎట్లు పుట్టెనో చెప్పదు. మన వ్రాత ముగిసిన పిదప దానిని తెరచుట మేలు. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఉద్యోగము చేయుచునే 1948లో ప్రపంచవిజేతయైన బొత్విన్నిక్, తన ఆటలకు తానే వ్యాఖ్య వ్రాసి, పరుల విమర్శకై ప్రకటించుటను సాధనలో ముఖ్యభాగముగా నెంచెను. ఉద్యోగస్థులకు ఆయన మంచి ఉదాహరణ.

అంత్యదశ విషయమున మాత్రము నేను లాస్కరు పక్షమున లేను. ఆయనను 1921లో ఓడించిన కాపబ్లాంకా, అంత్యదశనే ముందు నేర్వుమనెను. బల్లపై పావులు తక్కువైనప్పుడే ఒక్కొక్కదాని బలము స్పష్టముగా తెలియును. ఒకవైపు రాజు, ఒక బంటు. ఎదుట ఒంటరి రాజు. బంటుకు ముందు నడచి మన రాజు ఆరవ వరుస చేరినచో, ఎత్తు ఎవరిదైనను గెలుపు మనదే. అంచు వరుస బంటునకు మాత్రము ఇది వర్తింపదు. బంటును ముందు తోసి రాజును వెనుక నడిపించువాడు చేతికి వచ్చిన ఆటను సమము చేసికొనును. ప్రయోగములలోను అంతే: గుర్రము ఒక్క ఎత్తుతో రాజునకు షా చెప్పుచు మంత్రిపై గురిపెట్టు లెక్కలు ఇరువది తీసికొని, చూడగనే తట్టువరకు వానినే మరల మరల చేయుట, రోజునకొక క్రొత్త పుస్తకము తిరుగవేయుటకన్న మేలు.

విరామము వచ్చినచో అంతయు పోవునని భయపడువారు కలరు. గుడివాడలో పుట్టి 2002లో గ్రాండ్‌మాస్టరయిన కోనేరు హంపి, తల్లియై కొంతకాలము ఆటకు దూరముగా నుండి, తిరిగివచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ రాపిడ్ విజేత యయ్యెను. పునాది గట్టిదైనచో ఆట వేచియుండును.

బడిలో దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. ఇద్దరికొక బల్ల, ఒక్కొక్కరికి రెండువందల పుటల నోటుపుస్తకము. ఎడమపుటలో తేది, ఎదుటివాని పేరు, ఎత్తులు. కుడిపుట ఖాళీగా విడువవలెను. శనివారము చివరి గంటలో పిల్లలు పుస్తకములు మార్చుకొని, ఒకరి కుడిపుటలో నొకరు వ్రాయవచ్చును.