గ్రంథాలయ సూచియందు కొండజాతుల నామములు

గ్రంథాలయమున పుస్తకము లేకుండుట ఒక కష్టము. ఉండియు అడిగినవారి చేతికి రాకుండుట మఱియొక కష్టము. తూర్పు కనుమల జనులను గూర్చి పరిశోధన సాగించువారు తఱచుగా ఎదుర్కొనునది ఈ రెండవ కష్టమే. దీనికి మూలము పేళ్ల తికమక. ఒక జాతి తన్ను ఒక పేర పిలుచుకొనును. మైదానపు తెలుగువారు మఱియొక పేర పిలుతురు. ఆంగ్లేయోద్యోగులు తమ చెవికి వినబడినట్లు వ్రాసికొనిరి. సూచి మాత్రము సాధారణముగా గ్రంథనామమునందున్న పేరొక్కటే ఎఱుగును.

అరకులోయ నుండి విశాఖపట్టణమునకు చదువవచ్చిన కొండదొర విద్యార్థి తనవారి భాషను గూర్చిన గ్రంథమును వెదకుచున్నాడనుకొందము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆ భాషకు రచించిన వ్యాకరణము 1969లో వెలువడినది. 'కొండ లేక కూబి' యని రెండు పేళ్లను వారు గ్రంథనామమునందే చేర్చినారు. అయినను 'కొండదొర' యని వెదకువానికి అది తగులకపోవచ్చును. 'కొండ' యని మాత్రమే వెదకినచో కొండవీటి రాజ్యచరిత్రము సైతము ముందునకు వచ్చి నిలుచును. తన యింటి భాషపై గ్రంథమే లేదనుకొని ఆ విద్యార్థి మఱలిపోయినచో తప్పు ఎవరిది?

గదబల విషయము ఇంతకంటె చిక్కైనది. జాతినామ మొక్కటియే, భాషలు మాత్రము వేర్వేరు కుటుంబములవి. గుతోబ్ ముండా భాష. ఒల్లారి, కొండెకోర్ అనునవి ద్రావిడములు. సుధిభూషణ భట్టాచార్యగారు 1957లో ఒల్లారిని గూర్చియు, పేరి భాస్కరరావుగారు 1980లో కొండెకోర్ గదబను గూర్చియు గ్రంథములు ప్రకటించిరి. ద్యూయీ దశాంశ పద్ధతి ననుసరించు గ్రంథాలయమున ద్రావిడ భాషలు 494.8 క్రిందను, ముండా భాషలు 495.95 క్రిందను, జాతుల వర్ణనము 305.8 క్రిందను, జానపద గాథలు 398 క్రిందను నిలుచును. ఇది వర్గీకరణ దోషము కాదు. ఒక పుస్తకము ఒక అరలోనే నిలువగలదు. చెదరినవానిని కూర్చి చూపుటకే సూచి యున్నది.

ఆంగ్ల గ్రంథములలో ఖోండ్, కోంద్, కంధ అని పలు రీతుల కనబడువారినే మన ప్రాంతమున కోదులు, సామంతులు అందురు. వారి భాష కువి. కుయి అనునది దానికి దగ్గఱి చుట్టమే గాని వేఱు భాష; ఒక్క అక్షరభేదమే కదా యని రెండింటిని కలిపివేయరాదు.

గిడుగు రామమూర్తి పంతులుగారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను అచ్చయినవి. వారు దీర్ఘములను తెలుపుటకు 'సోరా' శబ్దపు ఆంగ్లాక్షరములలో అచ్చుల ప్రక్కన రెండేసి చుక్కలుంచిరి. వానిని ఉన్నవున్నట్లు ఎక్కించినచో కంప్యూటరు ఆ చుక్కలను విరామచిహ్నములుగా నెంచి పేరును ముక్కలు చేయవచ్చును. ఉచ్చారణమునందు గ్రంథకర్త చూపిన శ్రద్ధయే పాఠకునికి అడ్డుగోడ యగుట విచిత్రము.

స్థలనామములదియు నిదే కథ. 1839 నాటి చట్టముతో ఏర్పడిన 'ఏజెన్సీ' యను మాటతో వెదకినచో వాణిజ్య గ్రంథములు వచ్చి పడును. ఫ్రాన్సిస్ దొర 1907లో ప్రకటించిన గెజెటీరు విశాఖపట్టణము పేర నున్నది. అందు వర్ణింపబడిన కోరాపుట్టు ప్రాంతము 1936లో ఒరిస్సాలో చేరినది. అరకు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు వచ్చినది. ఇక భూమి తగాదాలలో ప్రతివారి నోటను వినబడు '1/70' ను సూచిలో వెదకిచూడుడు. అది 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణము. పూర్తి పేరు తెలియనివానికి అది దొరకదు. అవసరము ఎక్కువగా నున్నది అతనికే.

పాఠకుని కాలమును కాపాడవలయునని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. ఇక్కడ దానికి సాధనము నామపట్టిక. ప్రతి జాతికిని, ప్రతి భాషకును వేర్వేరుగా ఒక్కొక్క ప్రధాన నామమును నిర్ణయించి, తక్కిన పేళ్లన్నిటినుండి 'చూడుడు' అను సూచనతో దానికి దారి చూపవలయును. షెడ్యూల్డు తెగల ప్రభుత్వపట్టికయందే పలు పర్యాయనామములున్నవి గాన ఆరంభమునకు అది చాలును. ప్రధాననామముగా ఆ జనులు తమకు తాము చెప్పుకొను పేరునే గ్రహించుట న్యాయమని నా అభిప్రాయము. ఈ పని గ్రంథాలయోద్యోగులు తామొక్కరే చేయగలిగినది కాదు. తెలుగు శాఖలోని అధ్యాపకులును, ఆ కొండలనుండి వచ్చిన విద్యార్థులును ప్రక్కన కూర్చుండవలయును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమును కవియైన అబ్బూరి రామకృష్ణారావుగారు నడపిన సంగతి ఇచ్చట స్మరింపదగినది; భాషాజ్ఞానమును సూచీజ్ఞానమును ఒకచోట నుండుట వింత కాదు.

సిద్ధాంతవ్యాసములు వ్రాయువారికిని ఇందు పాలు కలదు. 'ఒక గిరిజన తెగ జీవనము' వంటి పేరు పెట్టి తెగ పేరును లోపల దాచుట మన కలవాటు. శోధగంగలో చేర్చునప్పుడైనను తెగ, భాష, మండలముల పేళ్లను తెలుగునను ఆంగ్లమునను విడివిడిగా నీయవలయును. థర్స్టన్‌గారి 1909 నాటి ఏడు సంపుటముల వంటివానికి అంతర్విషయ సూచనలు కూడ చేర్చిననే గాని, అందలి గదబలు బయటికి రారు.

మొదట గదబలతోనే ఆరంభింపవచ్చును. 'గదబ (జాతి)' యను శీర్షిక క్రింద వారి ఆచారములు, నివాసములు, జనసంఖ్యను గూర్చిన గ్రంథములుండును. 'గదబ (భాష)' యను శీర్షిక క్రింద పుస్తక మేదియు నుండదు. 'గుతోబ్ చూడుడు, ఒల్లారి చూడుడు, కొండెకోర్ చూడుడు' అను మూడు పంక్తులు మాత్రమే యుండును.