రెజిన్ పొక్కులు అంటురోగం కాదు

విశాఖలో ఓడలకు రంగులేసే పనికి పోయే మా పేటల మనిషికి చేతుల మీద పొక్కులు లేస్తే, సూపర్‌వైజరు మొదట అనే మాట: "ఏట్రా, గజ్జి పట్టిందేటి? స్నానం చెయ్యవా?" మాలో ఒకరి బాబాయిని ఒక కాంట్రాక్టరు ఇలాగే పనిలోంచి తీసేశాడు. అంతకుముందే తోటివాళ్ళు ఆయన టీ గ్లాసు వేరుపెట్టారు. రెండు గ్లాసుల పద్ధతి మనకు కొత్తదేం కాదు గదా!

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఓడల అడుగులకూ, క్రేన్లకూ, ట్యాంకులకూ ఎపాక్సీ రంగు వేస్తారు. అది రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రెజిన్, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. కలిసి పూర్తిగా గట్టిపడ్డాక దాదాపు భయం లేదు. కలిపేటప్పుడు, పూసేటప్పుడు, సరిగా ఆరని పూతను రుద్దేటప్పుడే ప్రమాదం. ఆ పనులే కాంట్రాక్టు కూలీల నెత్తిన పడతాయి.

పచ్చి రెజిన్‌లోని చిన్న అణువులు చర్మంలోకి దిగి అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటాయి. శరీరపు రక్షణ కణాలు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. దీనికి వారాలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. అప్పటిదాకా ఏమీ కనపడదు. ఆ తర్వాత రవ్వంత తగిలినా ఒకటి రెండు రోజులకు దురద, ఎరుపు, నీటిపొక్కులు. చేతులకే కాదు, కనురెప్పలకూ మెడకూ వస్తాయి. సోమవారం తగిలింది బుధవారం పొక్కుతుంది కాబట్టి మంగళవారం తిన్న వంకాయకూర మీద నింద పడుతుంది. మందు రాస్తే తగ్గుతుంది, పనిలోకి దిగితే మళ్ళీ వస్తుంది. ఒకసారి పడ్డ అలెర్జీ సాధారణంగా జీవితాంతం పోదు.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. మురికి వల్లా రాదు. పైగా శుభ్రం కోసమని థిన్నర్‌తో చేతులు కడిగితే చర్మంలోని నూనె పోయి రెజిన్‌కి దారి ఇంకా తెరుచుకుంటుంది. గుడ్డ గ్లవుజులు రెజిన్‌ని పీల్చి చర్మానికే అదిమిపెడతాయి. పల్చటి లేటెక్స్ గ్లవుజులూ ఆపలేవు. నైట్రైల్‌వి కొంత మేలు, అవీ తరచూ మార్చాలి.

రసాయనాలు, పెయింట్లు తగిలి వచ్చే చర్మరోగాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో చేర్చారు. 2020 కోడ్ షెడ్యూలులోనూ అది ఉంది. యాజమాన్యమూ, వైద్యం చేసిన డాక్టరూ అధికారులకు తెలియజేయాలి. చీటీ మీద 'గజ్జి' అని రాశాక తెలియజేసేదేముంది? 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో, పాలిస్టైరీన్‌కు ముడిసరుకైన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోతే దేశమంతా చూసింది. పొక్కుల చేతులతో ఒక్కొక్కరే గేటు దాటిపోతే ఎవరు చూస్తారు?

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రెండు డబ్బాల మీది పేర్లూ కాగితం మీద రాసుకుపోవాలి. పేచ్ టెస్ట్ అడగాలి. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూసి, మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. చేసే పనేమిటో చీటీలో రాయించుకోవాలి. బాబాయి చీటీ ఇప్పటికీ ఇంట్లో ఉంది. అందులో వయసు ఉంది, మందు పేరు ఉంది, పని పేరు లేదు.