శిశువా? కణాల ముద్దా?

తాండూరు, వికారాబాద్ ప్రాంతాల్లో యవ్వనస్థుల కూటాలకు వెళితే ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. "అయ్యగారూ, గర్భంలో ఉన్నది కణాల ముద్దేనని సైన్సు అంటోంది, శిశువని బైబిలు అంటోంది. దేన్ని నమ్మాలి?"

నిజానికి సైన్సు అలా అనలేదు. తల్లి నుండి 23, తండ్రి నుండి 23 క్రోమోజోములు కలిసినప్పుడే, ఆ ఇద్దరిలో ఎవరిదీ కాని కొత్త జీవం మొదలవుతుందని పిండశాస్త్రం చెబుతుంది. ఆరేడు వారాలకు స్కానింగులో గుండె కదలిక కనబడుతుంది. అయితే ఆ జీవం విలువ ఎంత అంటే సైన్సు జవాబివ్వదు. గుండెచప్పుడు కొలిచే యంత్రం ఉంది గాని విలువను కొలిచే యంత్రం లేదు.

వాక్యం మాట్లాడేది అక్కడే. లూకా సువార్తలో ఎలీసబెతు గర్భంలో గంతులు వేసిన యోహానుకూ (1:41), పశువుల తొట్టిలో పరుండిన యేసుకూ (2:12) గ్రీకులో ఒకటే మాట, బ్రెఫోస్. మన తెలుగు బైబిల్లోనూ రెండుచోట్లా 'శిశువు' అనే ఉంది. నిర్గమకాండము 21:22 మీద మాత్రం పండితులకు ఏకాభిప్రాయం లేదు. పాత నిబంధన గ్రీకు అనువాదమైతే అక్కడ రూపం ఏర్పడిన శిశువుకూ ఏర్పడని శిశువుకూ భేదం చూపింది. కాబట్టి ఒక్క వచనం చూపించి వాదం గెలిచామనుకోరాదు.

2021 అక్టోబరులో అత్యాచారానికి గురైన 16 ఏళ్ల బాలికకు 26 వారాల గర్భం తొలగించడానికి తెలంగాణ హైకోర్టు అనుమతించింది. పిండం ప్రాణాన్ని ఆమె ప్రాణం కన్న ఎక్కువగా నిలపలేమన్నది. ఆ బిడ్డ కోసం దుఃఖిస్తాను. ఆ బాలిక మీద మాత్రం రాయి వేయను.

కాని ఆడపిల్ల అని తెలిసి తీయించేవారికి ఏ సాకూ లేదు. లింగ నిర్ధారణను 1994 చట్టం నేరమన్నది. అయినా ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఉన్న ఆడపిల్లలు 2011 నాటికి 939కి తగ్గారు. కట్నం భయమే ఇందుకు ఒక కారణం. ఆ కట్నం మన క్రైస్తవ గృహాల్లో లేదా?

ఇంకో మాట. పెండ్లికాని పిల్ల గర్భవతి అయితే ఆమెను బల్ల నుండి దూరం పెడతాం. కారకుడైన అబ్బాయికి మరుసటేడు అదే మందిరంలో పెండ్లి చేస్తాం. ఆ అవమానానికి భయపడే పిల్ల రహస్యంగా మాత్రలు కొని మింగి, రక్తస్రావమై ఆస్పత్రి పాలవుతుంది. గర్భస్రావం పాపమని ప్రసంగించే మనమే ఆమెను అందులోకి నెడుతున్నాం.

బిడ్డను పెంచలేని తల్లి 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ సమితికి బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువు ఉంటుంది. ఆదివారం ప్రకటనల్లో ఈ సంగతి ఎన్ని సంఘాలు చదివాయి? అలాంటి పిల్ల వస్తే తలుపు తీసే ఇల్లు ప్రతి సంఘంలో ఒక్కటైనా ఉందా?