ఎత్తు పెంచిన ట్రక్కుకు షాకబ్జార్బర్ల ఎంపిక

షాకబ్జార్బర్ ట్రక్కు బరువును మోయదు. ఆ పని స్ప్రింగులది. చక్రం గుంతలో పడి లేచినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, సాగుతుంది, మళ్లీ నొక్కుకుంటుంది. అడ్డుకునేది లేకపోతే ఈ ఊగులాట చాలాసేపు సాగుతుంది. దాన్ని అణచేదే షాకబ్జార్బర్. ఉక్కు గొట్టం నిండా నూనె, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌లో సన్నని రంధ్రాలు, వాటిని మూసి తెరిచే పలుచని ఉక్కు రేకులు దాని లోపలి భాగాలు. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకు దారుల్లోంచి బలవంతంగా పోవాలి. ఆ నిరోధంలో కదలిక శక్తి వేడిగా మారి గొట్టం గోడల మీదుగా గాలిలో కలిసిపోతుంది. చక్రం నేలను వదలకుండా ఉండటం, బ్రేకు పట్టు దొరకడం, మలుపులో బండి అదుపులో ఉండటం చాలావరకు ఈ చిన్న పరికరం చేతిలోనే ఉన్నాయి.

ఫ్యాక్టరీ అమర్చిన షాకబ్జార్బర్‌ను ఆ బండి ఎత్తుకు, బరువుకు, టైరుకు లెక్కగట్టి తయారుచేస్తారు. ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, ముందు ఉక్కు బంపర్, వించ్ బిగించాక ఆ మూడు లెక్కలూ తప్పుతాయి. అప్పుడు కొత్త షాకబ్జార్బర్లు అవసరమవుతాయి. వాటిని ఎంచుకోవడంలో చాలామంది బ్రాండ్ పేరుతో మొదలుపెడతారు. నిజానికి మొదలుపెట్టాల్సింది కొలతతో. పొడవు సరిపోని షాకబ్జార్బర్ ఎంత ఖరీదైనదైనా ట్రక్కుకు నష్టమే చేస్తుంది.

ఎత్తు ఏ పద్ధతిలో పెరిగింది?

ఎత్తు పెంచే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది బాడీ లిఫ్ట్. చాసిస్‌కు, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఇందులో చాసిస్‌కు, ఇరుసుకు మధ్య దూరం మారదు కాబట్టి పాత పొడవు షాకబ్జార్బర్లే సరిపోతాయి. రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. పొడవైన స్ప్రింగులు, స్పేసర్లు, పొడవైన షాకిల్స్ వంటి వాటితో చాసిస్‌నే ఇరుసుకు దూరంగా జరుపుతారు. షాకబ్జార్బర్ పైకొస ఉండేది చాసిస్ మీద, కింది కొస ఉండేది ఇరుసు మీద లేదా సస్పెన్షన్ ఆర్మ్ మీద. ఆ రెండింటి మధ్య దూరం పెరగ్గానే పాత షాకబ్జార్బర్ మామూలుగా నిలబడి ఉన్నప్పుడే చాలావరకు సాగిపోయి ఉంటుంది.

ఇక చక్రం కిందికి దిగడానికి మిగిలేది కొద్దిపాటి దూరమే. గుంతలో చక్రం జారినప్పుడు షాకబ్జార్బర్ పూర్తిగా సాగి టక్కున ఆగుతుంది. చక్రం, ఇరుసుల బరువంతా పిస్టన్ రాడ్డు మీద, కొసల్లోని బుష్‌ల మీద కొట్టినట్టు పడుతుంది. క్రమంగా సీలు చిరుగుతుంది, నూనె కారుతుంది, ఒక్కోసారి బిగింపు బ్రాకెట్టే ఊడిపోతుంది. రాళ్ల దారిలో చక్రం నేలకు అందక గాల్లో తిరుగుతుంది.

కొలతలు తీసే పద్ధతి

వెనకవైపు లీఫ్ స్ప్రింగులున్న ఇరుసుకు మూడు కొలతలు కావాలి. ట్రక్కులో రోజూ ఉండే సామాను ఉంచి, సమతలమైన నేల మీద నిలబెట్టి, షాకబ్జార్బర్ పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు కొలవాలి. ఇది నిలకడ ఎత్తు. తర్వాత షాకబ్జార్బర్ విప్పి, చాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇరుసును నెమ్మదిగా కిందికి వేలాడనిచ్చి అదే దూరం కొలవాలి. బ్రేకు గొట్టం బిగిసిపోతున్న చోట ఆపేయాలి. ఇది గరిష్ఠ పొడవు. చివరిగా ఇరుసు పైకి వచ్చి బంప్ స్టాప్ రబ్బరుకు తగిలి, ఆ రబ్బరు కూడా కొంత నలిగినప్పుడు ఉండే దూరం లెక్కగట్టాలి. ఇది కనిష్ఠ పొడవు.

దాదాపు నిటారుగా ఉన్న షాకబ్జార్బర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నిలకడ ఎత్తులో బోల్టుల మధ్య దూరం 500 మిల్లీమీటర్లు, బంప్ స్టాప్‌కు ఇరుసుకు మధ్య ఖాళీ 90, రబ్బరు నలిగేది 20 అనుకుంటే కనిష్ఠ పొడవు 390 మిల్లీమీటర్లు. ఇరుసు కిందికి 110 దిగితే గరిష్ఠ పొడవు 610. అంటే, కొంత వెసులుబాటు కలుపుకుంటే, కొనే షాకబ్జార్బర్ పూర్తిగా నొక్కినప్పుడు 380 మిల్లీమీటర్లకు మించకూడదు, పూర్తిగా సాగినప్పుడు 615కు తగ్గకూడదు. తయారీ సంస్థల పట్టికల్లో ఈ రెండు పొడవులూ ఉంటాయి. మోడల్ పేరు చూసి కాకుండా ఈ అంకెలు చూసి కొనాలి.

‘పొడవైనదైతే మంచిదే కదా’ అనుకోవడం రెండో పెద్ద పొరపాటు. సాగిన పొడవు పెరిగిన కొద్దీ నొక్కిన పొడవు కూడా పెరుగుతుంది. రాడ్డు మొత్తం గొట్టంలోకి దూరాలి కాబట్టి అది తప్పదు. అతి పొడవైన షాకబ్జార్బర్ వేస్తే ఇరుసు బంప్ స్టాప్‌ను తాకకముందే పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు లోపలి వాల్వులు చితుకుతాయి, రాడ్డు వంగుతుంది. తప్పనిసరైతే బంప్ స్టాప్‌ను కిందికి పొడిగించాలి. సాగే దిశలో హద్దు కావాలంటే ఇరుసుకు లిమిట్ స్ట్రాప్ కట్టాలి. షాకబ్జార్బర్‌నే ఆ హద్దుగా వాడకూడదు.

ముందు చక్రాల లెక్క వేరు

టొయోటా హైలక్స్, తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ వంటి పికప్‌లలో వెనక లీఫ్ స్ప్రింగులు, ముందు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంటాయి. ముందువైపు కాయిల్ స్ప్రింగు షాకబ్జార్బర్‌ను చుట్టుకుని ఒకే భాగంగా ఉంటుంది. దాన్ని కాయిలోవర్ అంటారు. ఇక్కడ చక్రం ఎంత కిందికి దిగాలో నిర్ణయించేది షాకబ్జార్బర్ పొడవే. మరీ పొడవైనది వేస్తే పై ఆర్మ్ స్ప్రింగును ఒరుసుకుంటుంది, బాల్ జాయింట్ హద్దు దాటి వంగుతుంది, చక్రాలకు శక్తినిచ్చే సీవీ జాయింట్లు ఏటవాలు పెరిగి త్వరగా అరుగుతాయి. అందుకే ఇలాంటి సస్పెన్షన్‌లో సుమారు 2 అంగుళాలు దాటి ఎత్తు పెంచాలంటే పై ఆర్ములు మార్చడం, డిఫరెన్షియల్‌ను కిందికి దించడం వంటి పనులు కూడా వచ్చిపడతాయి.

కాయిలోవర్ పైన స్పేసర్ పెట్టడం చవకైన దారి. అందులో పాత షాకబ్జార్బర్ అలాగే ఉంటుంది. అయితే స్పేసర్ మందం మేర అది మొత్తంగా కిందికి జరుగుతుంది కాబట్టి, పెద్ద దెబ్బ తగిలినప్పుడు బంప్ స్టాప్ కంటే ముందే షాకబ్జార్బర్ అడుగంటే ప్రమాదం ఉంది. కొత్త ఎత్తుకే తయారైన కాయిలోవర్ ఖరీదెక్కువైనా ఈ చిక్కు లేనిది.

ఒంటి గొట్టమా, జంట గొట్టమా?

పొడవు తేలాక చూడాల్సింది లోపలి నిర్మాణం. ట్విన్ ట్యూబ్ రకంలో ఒక గొట్టంలో మరో గొట్టం ఉంటుంది. పిస్టన్ లోపలి గొట్టంలో కదులుతుంది, మిగులు నూనె బయటి గొట్టంలోకి పోతుంది. ధర తక్కువ, నడక మెత్తన. రాయి తగిలి బయటి గొట్టం సొట్టపడినా పిస్టన్ దారికి సాధారణంగా అడ్డు రాదు. గతుకుల మీద గంటల తరబడి నడిపితే మాత్రం నూనె వేడెక్కి నురగ కడుతుంది. నురగలోంచి పిస్టన్ సులువుగా జారుతుంది. బండి పడవలా ఊగడం మొదలవుతుంది. దీన్నే ఫేడ్ అంటారు. కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్ నింపిన రకాల్లో ఈ బెడద కొంత తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ ఈ కోవలోదే.

మోనోట్యూబ్ రకంలో గొట్టం ఒక్కటే. అందులో స్వేచ్ఛగా కదిలే రెండో పిస్టన్ నూనెను, అధిక ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్‌ను వేరు చేస్తుంది. ఒత్తిడి వల్ల నూనె అంత తేలిగ్గా నురగ కట్టదు. గోడ ఒక్కటే కావడంతో వేడి నేరుగా గాలిలోకి పోతుంది. జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ సంస్థ 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు దీన్ని అందించాక ఈ రకం వాడకం పెరిగింది. ఎత్తు పెంచిన ట్రక్కుల కోసమే ఆ సంస్థ 5100 శ్రేణిని అమ్ముతోంది. ఇందులో లోపం ఒక్కటే: గొట్టానికి లోతైన సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాళ్ల దారుల్లో తిరిగేవారు గార్డు వేయించుకోవాలి.

మూడో రకంలో వాయువు, కొంత నూనె విడిగా ఉండే రిజర్వాయర్‌లో ఉంటాయి. నూనె పరిమాణం పెరగడంతో వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఎడారి దారుల్లో వేగంగా నడిపేవారికి ఇది అవసరం. వారానికోసారి పొలం దారిలోనో అడవి దారిలోనో తిరిగే ట్రక్కుకు ఆ ఖర్చు అనవసరం.

బరువుకు తగ్గ బిగువు

ఒకే పొడవున్న రెండు షాకబ్జార్బర్లు రెండు రకాలుగా నడవవచ్చు. తేడా వాల్వుల అమరికలో ఉంటుంది. చక్రం పైకి వచ్చేటప్పటి నిరోధాన్ని కంప్రెషన్ అని, స్ప్రింగు చక్రాన్ని తిరిగి కిందికి నెట్టేటప్పటి నిరోధాన్ని రీబౌండ్ అని అంటారు. గట్టి స్ప్రింగు వేస్తే అది మరింత బలంగా తన్నుతుంది కాబట్టి రీబౌండ్ నిరోధం పెరగాలి. పెద్ద టైరు బరువు స్ప్రింగు కింది భాగంలో ఉంటుంది, దాన్ని అదుపు చేయడానికీ అదనపు నిరోధం కావాలి.

బిగువు అతిగా ఉన్నా చేటే. వరుస గతుకుల మీద చక్రం పూర్తిగా కిందికి దిగేలోపే తర్వాతి గతుకు వచ్చి తగులుతుంది. ఒక్కో గతుకుకూ సస్పెన్షన్ కాస్త కాస్త కుంగిపోయి చివరికి మెత్తదనమే మిగలదు. బిగువు తక్కువైతే స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు ముందు బంపర్, వించ్, వెనక సామాను, టైరు సైజు, వేసిన స్ప్రింగు రకం అన్నీ అమ్మేవారికి చెప్పాలి. ఓ రోజు ఖాళీగా, ఓ రోజు నిండు బరువుతో నడిచే పికప్‌కు బిగువు మార్చుకునే రకం ఉపయోగపడుతుంది. రాంచో ఆర్ఎస్9000ఎక్స్ఎల్‌లో బయటి నాబ్ తిప్పి 9 స్థాయుల్లో బిగువు మార్చుకోవచ్చు.

షాకబ్జార్బర్ ఏటవాలు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. నిటారుగా ఉన్నదానితో పోలిస్తే 45 డిగ్రీలు వాలినది చక్రం దగ్గర చూపే నిరోధం సుమారు సగమే. ఎత్తు పెంచాక ఏటవాలు మారితే ఆ తేడా కూడా గమనించాలి.

బిగించేటప్పుడు, ఆ తర్వాత

రెండు కొసల్లో ఉన్నది రింగా, మర కొసా అనేది, బుష్ వెడల్పు, బోల్టు మందం పాతవాటితో సరిపోవాలి. రబ్బరు బుష్‌లు అదురును బాగా మింగుతాయి. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం మన్నినా కొంత శబ్దం చేస్తాయి. రబ్బరు బుష్ బోల్టులను చక్రాలు నేల మీద ఉండి, బండి నిలకడ ఎత్తులో ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. చక్రాన్ని రెండు చివరలకూ కదిపి చూసి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు గొట్టం, టైరు, షాకబ్జార్బర్ ఎక్కడా ఒరుసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

కాయిలోవర్ స్ప్రింగు ఎప్పుడూ నొక్కుకుని ఉంటుంది. సరైన పనిముట్టు లేకుండా దాని పై నట్టు విప్పితే ప్రాణాపాయం. పని పూర్తయ్యాక చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి, పైకి చూస్తున్న హెడ్‌లైట్లను కిందికి దించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడాలి.

చట్టం ఏమంటుంది?

భారత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో మారిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పులకు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. బీమా పరిహారం దగ్గర కూడా చిక్కులు రావచ్చు. అమెరికాలో బంపర్, ఫ్రేమ్ ఎత్తులపై ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన ఉంది. అక్కడి తెలుగువారు తమ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి. ఇక్కడ ట్రక్కు ఎత్తు మార్చాలనుకునేవారు షెడ్డుకు వెళ్లేముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు.

ఎంపికకు సరైన వరుస ఇది: ముందు పొడవు, తర్వాత దారికి తగ్గ నిర్మాణం, ఆపై బరువుకు తగ్గ బిగువు, చివరగా బ్రాండ్, ధర. కొలతలు కాగితం మీద రాసుకోకుండా షాకబ్జార్బర్లు ఆర్డర్ చేయవద్దు.